పడిన ఎత్తు, ఆగిన దూరం

నలభై అడుగుల తాటిచెట్టు తల నుంచి మనిషి నేల మీదికి రావడానికి పట్టేది సెకనున్నర. నేలను తాకేటప్పటికి అతని వేగం గంటకు 55 కిలోమీటర్లు. చేయి చాచి దేన్నయినా పట్టుకోవడానికి కూడా చాలని ఆ కాస్త సమయంలో అతని మిగతా జీవితం ఎలా ఉండబోతోందో తేలిపోతుంది. ఒకరు కాలు విరిగినా లేచి కూర్చుంటారు. ఒకరికి నడుము కింద స్పర్శ పోతుంది. ఒకరు ఆసుపత్రి దాకా కూడా రారు. ఊళ్లలో ఈ తేడాకు తలరాత అని, ఆయుష్షు గట్టిదని కారణం చెప్పుకుంటారు. ఎనభై ఏళ్లుగా వైద్యులు, ఇంజినీర్లు పోగుచేసిన జ్ఞానం మాత్రం ఎత్తు నుంచి పడినప్పుడు అయ్యే గాయాలకు ఒక క్రమం ఉందని చెబుతోంది. పడిన మనిషి వయసెంత, ఏ పని చేస్తూ పడ్డాడు, శరీరంలో ఏ భాగం ముందు నేలను తాకింది అన్నవి తెలిస్తే, ఎక్కడెక్కడ విరిగి ఉంటుందో పరీక్షకు ముందే చాలావరకు ఊహించవచ్చు. అలా ముందే ఊహించగలిగిన ప్రమాదాన్ని ఆపడం కూడా సాధ్యమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. అనుకోని గాయాల వల్ల సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. వైద్యం అవసరమయ్యేంతగా దెబ్బలు తగిలే సందర్భాలు ఏడాదికి 3 కోట్ల 73 లక్షలు. మరణాల్లో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. స్నానాలగదిలో జారిపడే వృద్ధులూ ఈ లెక్కలో ఉన్నారు, పరంజా మీది నుంచి పడే కూలీలూ ఉన్నారు. ఎత్తు నుంచి పడేవారి సంగతి ప్రత్యేకంగా చూడాల్సింది, ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది కుటుంబాన్ని పోషించే వయసులో ఉన్నవాళ్లు.

ఎత్తు ఒక్కటే తేల్చదు

పడే మనిషి వేగం లెక్కకు అందేదే. ఒక అంతస్తు, అంటే మూడు మీటర్ల నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు 28 కిలోమీటర్లు. ఆరు మీటర్ల నుంచి అయితే 39, పది మీటర్ల నుంచి 50, ఇరవై మీటర్ల నుంచి 71. ఈ వేగం ఎంత దూరంలో సున్నాకు చేరిందన్న దాని మీదే గాయం ఆధారపడి ఉంటుంది. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, ఆగే క్షణంలో శరీరం మీద పడిన బలం దాని బరువుకు సుమారు ఎన్ని రెట్లో తెలుస్తుంది. ఆరు మీటర్ల నుంచి సిమెంటు నేల మీద పడి ఐదు సెంటీమీటర్లలో ఆగిన శరీరం మీద 120 రెట్ల బలం పడుతుంది. అదే ఎత్తు నుంచి గడ్డివాము మీద పడి అరవై సెంటీమీటర్లు లోపలికి దిగబడితే పది రెట్లే. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టే ఫీల్డరు చేతులు వెనక్కి లాక్కునేది ఈ దూరాన్ని పెంచడానికే.

ఈ విషయాన్ని శాస్త్రంగా మలిచినవారు హ్యూ డి హేవెన్ అనే అమెరికన్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో శిక్షణ పొందుతుండగా ఆయన విమానం కూలింది. తాను ఎలా బతికానన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. 1942లో, 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి కూడా బతికిన ఎనిమిది మంది కథలను విశ్లేషించి ఒక వ్యాసం ప్రచురించారు. వారిలో ఒకామె 144 అడుగుల ఎత్తు నుంచి లోహపు వెంటిలేటర్ పెట్టె మీద పడింది. పెట్టె అడుగుకు పైగా లోపలికి నొక్కుకుపోయింది. ఎముకలు విరిగినా ఆమె ప్రాణం దక్కింది. అప్పుడే తవ్విన తోట మట్టి కూడా మరికొందరిని కాపాడింది. బలం ఒక్కచోట గుచ్చుకోకుండా విశాలంగా పరుచుకుంటే, ఆగడానికి కొన్ని అంగుళాల దూరం దొరికితే, అసాధ్యం అనిపించే బలాన్ని కూడా శరీరం క్షణకాలం తట్టుకుంటుందని డి హేవెన్ తేల్చారు. తర్వాతి రోజుల్లో కార్లలో సీటు బెల్టులకు, లోపలి భాగాల్ని మెత్తగా చేయడానికి బాట వేసింది ఈ ఆలోచనే.

ఆకాశం నుంచి పడి బతికినవారి కథలు కూడా ఇదే సూత్రానికి సాక్ష్యం. 1944 మార్చిలో బ్రిటిష్ వైమానిక దళ గన్నర్ నికొలస్ ఆల్కమేడ్ మండుతున్న విమానంలోంచి పారాచూట్ లేకుండా 18 వేల అడుగుల ఎత్తు నుంచి దూకారు. పైన్ చెట్ల కొమ్మలు, కింద మెత్తని మంచు ఆయన వేగాన్ని విడతలుగా తగ్గించాయి. 1972 జనవరి 26న చెకోస్లొవేకియా మీదుగా వెళుతున్న విమానం పేలిపోయి 10,160 మీటర్ల నుంచి పడిన ఎయిర్‌హోస్టెస్ వెస్నా వులోవిచ్ శకలంలోనే ఇరుక్కుని, మంచు కప్పిన చెట్ల వాలు మీదికి చేరారు. పుర్రె, వెన్ను, కాళ్లు, కటి ఎముకలు విరిగాయి. కొంతకాలం నడుము కింద చచ్చుబడినా తర్వాత నడిచారు. ఒక ఎత్తు దాటాక గాలి అడ్డుకోవడం వల్ల పడే వేగం గంటకు సుమారు 200 కిలోమీటర్ల దగ్గర నిలిచిపోతుంది కాబట్టి, పది కిలోమీటర్ల నుంచి పడినా అర కిలోమీటరు నుంచి పడినా నేలను తాకే వేగంలో పెద్ద తేడా ఉండదు.

ఇవి అరుదైన సంగతులు. నగరాల ఆసుపత్రుల అనుభవం మరోలా ఉంది. నాలుగో అంతస్తు నుంచి గట్టి నేల మీద పడినవారిలో సుమారు సగం మంది, ఏడో అంతస్తు నుంచి పడినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది చనిపోతారని ట్రామా వైద్యం చెబుతుంది. తక్కువ ఎత్తు అంటే క్షేమమని కూడా కాదు. పెద్దవాళ్లు 20 అడుగులకు మించి పడితేనే నేరుగా ట్రామా కేంద్రానికి తీసుకెళ్లాలని అమెరికా మార్గదర్శకాలు ఒకప్పుడు చెప్పేవి. 2021 సవరణలో అన్ని వయసులకూ ఆ హద్దును పది అడుగులకు తగ్గించారు. మన ఇళ్ల మొదటి అంతస్తు బాల్కనీ అంత ఎత్తు అది.

పాదాల నుంచి పుర్రె దాకా

పెద్దవాళ్లు ఎక్కువగా కాళ్ల మీదే పడతారు. ఆ దెబ్బ పాదం దగ్గర ఆగదు. మడమలో మొదలై చీలమండ, మోకాలు, తుంటి, కటి, వెన్ను మీదుగా తల వైపు ఎగబాకుతుంది. దారిలో తట్టుకోలేని ఎముకనల్లా విరుస్తూ పోతుంది.

మొదట చితికేది మడమ ఎముక. పైన పలచని గట్టి పొర, లోపల స్పంజిలాంటి నిర్మాణం ఉండే ఈ ఎముక మీద ఒక్కసారిగా శరీర భారమంతా పడితే అది నలిగి చదును అవుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో దాని కోణాన్ని కొలుస్తారు. ఆస్ట్రియా శస్త్రవైద్యుడు లోరెంజ్ బోలర్ పేరు మీద ప్రసిద్ధమైన ఆ కోణం మామూలుగా 20 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. ఎముక చితికిన కొద్దీ తగ్గుతుంది. దాని పైన చీలమండ కీలులో పిక్క ఎముక అడుగుభాగం ముక్కలవడం, మోకాలి కీలు ఉపరితలం కుంగడం, తొడ ఎముక మెడ విరగడం ఇదే బాటలో వచ్చే గాయాలు.

మడమ విరిగినవారిలో ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి వెన్నుపూస కూడా విరిగి ఉంటుంది. అందుకే మడమ విరిగితే వెన్ను చూడాలన్నది ఎముకల వైద్యంలో పాఠం. ఆచరణలో ఇది తప్పిపోవడం సులభం. కాలి నొప్పితో విలవిల్లాడే మనిషి నడుము నొప్పి గురించి చెప్పకపోవచ్చు. కాలికి కట్టు కట్టి పంపేశాక, కొన్ని రోజులకు కాళ్లు మొద్దుబారినప్పుడు గానీ అసలు గాయం బయటపడదు.

వెన్నులో విరగడానికి కూడా ఒక నిర్దిష్టమైన చోటుంది. ఛాతీ వెనక ఉండే పన్నెండు పూసలను పక్కటెముకలు బిగించి పట్టుకుంటాయి. నడుము పూసలు ఐదూ స్వేచ్ఛగా వంగుతాయి. ఈ రెండూ కలిసే చోట, ఛాతీ చివరి పూస, నడుము మొదటి పూస దగ్గర, పై నుంచీ కింది నుంచీ వచ్చే బలం కేంద్రీకృతమవుతుంది. పూస నిలువునా నలిగి పగులుతుంది. దాని ముక్కలు వెనక్కి, వెన్నుపాము సాగే కాలువలోకి చొచ్చుకొస్తాయి. వెన్నుపాము ముగిసేది సరిగ్గా ఇక్కడే, నడుము మొదటి పూస దగ్గర. కాళ్ల కదలికతోపాటు మూత్రం, మలం మీద అదుపునిచ్చే నాడులు అక్కడ కట్టగా ఉంటాయి. అందుకే ఎత్తు నుంచి పడి నడుము విరిగినవారి కష్టం నడక పోవడంతో ఆగిపోదు. ఫ్రాన్సిస్ డెనిస్ 1983లో వెన్నెముకను మూడు నిలువు స్తంభాలుగా చూసే పద్ధతిని ప్రతిపాదించారు. ఎన్ని స్తంభాలు దెబ్బతిన్నాయన్నది చూసి, శస్త్రచికిత్స కావాలా, కట్టుతో సరిపోతుందా అని ఆలోచించడానికి అది దారి చూపింది.

కాళ్ల మీద పడినప్పుడు కటి వలయంలో ఒక సగం పైకి జరిగిపోవచ్చు. కటి లోపలి రక్తనాళాలు చిరిగితే లీటర్ల కొద్దీ రక్తం లోపలే పేరుకుంటుంది. బయటికి చుక్క కనిపించదు. దెబ్బ ఇంకా బలంగా ఉంటే వెన్నెముక కింది నుంచి తోసినట్టై, పుర్రె అడుగుభాగం మెడ చుట్టూ వలయాకారంలో పగులుతుంది. ఇలాంటివారిలో చాలామంది అక్కడికక్కడే మరణిస్తారు.

కాళ్ల మీద పడిన మనిషి తర్వాతి క్షణంలో ముందుకు తూలి చేతులు ఆనిస్తాడు. అందుకే మడమలు విరిగినవారికి మణికట్లు కూడా తరచు విరుగుతాయి. ఐరిష్ వైద్యుడు ఏబ్రహాం కాలిస్ 1814లో వర్ణించిన మణికట్టు విరుపు ఇదే రకం. పిరుదుల మీద పడితే త్రికాస్థి, కటి ఎముకలు, నడుము పూసలు దెబ్బతింటాయి. పక్కకు పడితే పక్కటెముకలు విరిగి, వాటి అడుగున ఎడమవైపు ప్లీహం, కుడివైపు కాలేయం చిట్లవచ్చు. తల ముందు తాకితే మెదడు, మెడ. వేసవిలో వ్యవసాయ బావుల్లోకి, కాలువల్లోకి లోతు చూడకుండా తలకిందులుగా దూకే యువకులది ఈ చివరి కోవే. మెడలో ఐదో పూస దగ్గర విరిగితే నాలుగు అవయవాలూ చచ్చుబడతాయి.

ఏ భంగిమలో పడినా జరిగే ప్రమాదం ఇంకొకటుంది. శరీరం ఆగినా లోపలి అవయవాలు క్షణంపాటు కదులుతూనే ఉంటాయి. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని ఛాతీలో ఒకచోట గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఆ చోట అది చిరగవచ్చు. చర్మం మీద గీత కూడా లేకుండా మనిషి చనిపోవడానికి ఇదొక కారణం.

పసివాళ్ల తల బరువు

పిల్లల గాయాల తీరు వేరు. పుట్టిన బిడ్డ శరీరం పొడవులో తల నాలుగో వంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఏడెనిమిదో వంతు. బరువు పైభాగంలో ఉండటం వల్ల చిన్నపిల్లలు పడేటప్పుడు తల ముందు దిగుతుంది. పుర్రె పగలడం, మెదడులో రక్తస్రావం వారిలో ఎక్కువ. ఎముకలు ఇంకా మెత్తగా ఉండటంతో పెద్దవాళ్లకు విరిగే చోట వారికి వంగి ఊరుకోవచ్చు. అందుకే పైకి ఏమీ కానట్టు కనిపించిన బిడ్డకు కూడా లోపల దెబ్బ ఉండవచ్చు.

ఈ ప్రమాదాలను ఆపవచ్చని చేసి చూపిన నగరం న్యూయార్క్. అక్కడి ఆరోగ్యశాఖ 1972లో ‘పిల్లలు ఎగరలేరు’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. చిన్నపిల్లలున్న ఇళ్లకు వెళ్లి కిటికీలకు రక్షణ కడ్డీలు ఉచితంగా ఇచ్చింది. తల్లిదండ్రులతో మాట్లాడింది. బ్రాంక్స్ ప్రాంతంలో కిటికీల నుంచి పడే పిల్లల సంఖ్య సగానికి తగ్గింది. 1976లో నగరం చట్టమే చేసింది. పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలుంటే, మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాల యజమానులు కిటికీలకు కడ్డీలు బిగించి తీరాలి. తల్లుల అజాగ్రత్త అని ఊరుకుంటే ఆ పిల్లలు బతికేవారు కాదు.

మన అపార్ట్‌మెంట్లలో బాల్కనీ గోడ పక్కన వేసిన కుర్చీ, మంచం, పూలకుండీ పసివాడికి మెట్టు అవుతాయి. సంక్రాంతి గాలిపటాల రోజుల్లో పిట్టగోడ లేని డాబాల మీది నుంచి పిల్లలు పడిన వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. డాబా అంచున, బాల్కనీకి కనీసం మీటరు ఎత్తు గోడ ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది.

వృద్ధుల విషయంలో ఎత్తు కన్నా ఎముకల పటుత్వం ముఖ్యం. బూజు దులపడానికి స్టూలు ఎక్కి పడినా తుంటి విరగవచ్చు. గుండెజబ్బుకు రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా మెదడు చుట్టూ రక్తం నెమ్మదిగా పేరుకుంటుంది. మతిమరుపు, తూలడం వంటి లక్షణాలు వారాల తర్వాత బయటపడవచ్చు.

చెట్టు మీద బతుకు

దక్షిణాసియాలో వెన్నుపాము గాయాలకు ఎత్తు నుంచి పడటం ప్రధాన కారణాల్లో ఒకటి. సంపన్న దేశాల్లో యువకులకు ఈ గాయం ఎక్కువగా రోడ్ల మీద తగులుతుంది. ఇక్కడ చెట్లు, డాబాలు, కట్టడాలు ఆ జాబితాలో ముందుంటాయి. వాలెరీ టేలర్ 1979లో స్థాపించిన, ఇప్పుడు ఢాకా దగ్గర సావార్‌లో ఉన్న పక్షవాత పునరావాస కేంద్రానికి వచ్చేవారిలో చెట్ల మీది నుంచి పడినవారు, తలమీద బరువుతో పడినవారు ఎందరో. కశ్మీర్‌లో ఏటా సెప్టెంబరులో అక్రోటు కోతలు మొదలైతే ఎత్తయిన కొమ్మల నుంచి పడి వెన్ను విరిగినవారు శ్రీనగర్ ఆసుపత్రులకు చేరతారు. పాపువా న్యూగినీ పల్లెల్లో చెట్ల మీది నుంచి పడే గాయాల మీద పీటర్ బార్స్ బృందం 1984లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. పంట ఏదైనా, గాయం మాత్రం ప్రతిచోటా ఒకేలా ఉంది.

తెలుగునాట ఈ కోవలో మొదట చెప్పుకోవాల్సినవాళ్లు కల్లుగీత కార్మికులు. నడుముకు, చెట్టుకు కలిపి వేసే మోకు, కాళ్లకు గుజి, కత్తులు పెట్టుకునే ముస్తాదు, ఇవే వాళ్ల సాధనాలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టు ఎక్కాలి. ఒక్కో మనిషి చేతిలో ఎన్నో చెట్లుంటాయి. వానకు తడిసిన బొదె మీద కాలు జారడం, పాతబడిన మోకు తెగడం, తల దగ్గర మట్ట ఊడిపోవడం ప్రమాదాలకు దారులు. మోకు ఎక్కేటప్పుడు ఆసరా ఇస్తుంది కానీ జారినప్పుడు పట్టి ఆపేలా దాన్ని తయారుచేయలేదు. ఒక్కోసారి కాళ్లు పట్టు తప్పి మనిషి మోకులోనే తలకిందులుగా వేలాడిపోతాడు. కింద ఉన్నవాళ్లు తాళ్లు, నిచ్చెనలు తెచ్చేలోగా అతనికి ప్రతి నిమిషమూ గండమే.

ఈ వృత్తి శతాబ్దాలుగా ఉన్నా, పడకుండా ఆపే సాధనం ఇవ్వాలన్న ఆలోచన ప్రభుత్వానికి ఇటీవలే వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. గీత కార్మికులు కొలిచే దేవుడి పేరే దానికి పెట్టారు. పర్వతారోహకులు వాడే రకం తాళ్లు, బెల్టులు, కొక్కేలతో, జారినా మధ్యలోనే ఆగేలా దాన్ని కూర్చారు. ఇది సరైన దిశలో పడిన అడుగు. కిట్టు చేతికి రావడంతో పాటు దాన్ని వేగంగా వాడే శిక్షణ, అరిగిన తాళ్లను మార్చే ఏర్పాటు కూడా ఉంటేనే అది రోజూ చెట్టు దాకా వెళుతుంది. ఎక్కడం ఆలస్యమైతే ఆదాయం తగ్గుతుందని భయపడే మనిషికి ఆ ఆలస్యం లేకుండా చేయడం రూపకర్తల బాధ్యత.

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులదీ ఇదే పరిస్థితి. కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన రైతు జోసెఫ్ రూపొందించిన పరికరంతో, రెండు కాళ్లకూ రెండు మెట్లలాంటి అమరికతో నిలబడి చెట్టు ఎక్కవచ్చు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి ఇలాంటి యంత్రాలతో ఎక్కడంలో యువతకు శిక్షణ ఇస్తోంది. ‘కేర సురక్ష’ పేరుతో చెట్లెక్కేవారికి ప్రమాద బీమా కూడా నడుపుతోంది.

పరంజా, రేకులు, లిఫ్టు గుంత

నిర్మాణరంగంలో పడే చోట్లు లెక్కపెట్టగలిగినన్నే. కర్రలు, తాళ్లతో కట్టిన పరంజా, అంచులకు కడ్డీలు లేని శ్లాబు, సెంట్రింగ్ విప్పే సమయం, మూతలేని లిఫ్టు గుంత, కాలు పెడితే విరిగే సిమెంటు రేకుల కప్పు. కరెంటు స్తంభం మీద షాక్ తగిలి పడే లైన్‌మన్‌కు కాలిన గాయం, పడిన గాయం రెండూ ఉంటాయి. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్ కట్టడాలకు వెళ్లినవారికీ ఈ ముప్పు తోడుగానే వెళుతుంది.

ఆపడం సాధ్యమని 1930ల్లోనే రుజువైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు, పెట్టిన ప్రతి పది లక్షల డాలర్లకు ఒక కార్మికుడు చనిపోవడం సహజమని ఆ రోజుల్లో కట్టడాల లెక్క. వంతెన ఖర్చు 3 కోట్ల 50 లక్షల డాలర్లు. ప్రధాన ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ 1,30,000 డాలర్లతో వంతెన కింద పొడవునా వల కట్టించారు. ఆ వలలో పడి 19 మంది బతికారు. 1937 ఫిబ్రవరి 17న ఒక పరంజా కూలి, వలను చింపుకుంటూ వెళ్లి పదిమంది ప్రాణాలు తీసింది. మొత్తం మీద చనిపోయినవారు 11 మంది. మనుషులను ఆపగలిగిన వల పరంజా బరువును ఆపలేకపోయింది. రక్షణ సాధనం దేన్ని తట్టుకోవాలో ముందే లెక్కవేయాలన్నది ఆ రోజు నేర్పిన పాఠం.

నడుముకు మాత్రమే కట్టే బెల్టు ఇప్పటికీ మన సైట్లలో కనిపిస్తుంది. పడుతున్న మనిషిని అది ఆపితే బలమంతా కడుపు మీద, నడుము పూసల మీద పడుతుంది. అమెరికాలో పడటాన్ని ఆపడానికి నడుము బెల్టు వాడకాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. తొడలు, ఛాతీ, భుజాలను కలిపి పట్టుకునే పూర్తి హార్నెస్ బలాన్ని గట్టి ఎముకల మీద పరుస్తుంది. డి హేవెన్ 1942లో చెప్పింది ఇదే. హార్నెస్ ఉన్నా లెక్క తప్పకూడదు. ఆరడుగుల తాడు, అది సాగే మూడున్నర అడుగులు, కార్మికుడి ఎత్తు, కొంత అదనపు జాగా కలిపితే కింద ఐదున్నర మీటర్ల ఖాళీ కావాలి. మొదటి అంతస్తు ఎత్తులో అదే తాడును కాళ్ల దగ్గర కడితే అది బిగిసేలోపే మనిషి నేలను తాకుతాడు. ఆగిన తర్వాత వేలాడుతూ ఉన్నవారిని నిమిషాల్లో దించాలి, లేకపోతే రక్తం కాళ్లలో నిలిచి స్పృహ తప్పుతుంది.

బ్రిటన్ 2005 నిబంధనలు వరుసను స్పష్టంగా చెబుతాయి. ఎత్తు మీద పని అవసరం లేకుండా చేయగలిగితే ముందు అది చేయాలి. కుదరకపోతే కడ్డీలు, ఆ తర్వాతే వలలు, హార్నెస్‌లు. మనదేశంలో 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం భద్రత బాధ్యతను యజమాని మీదే పెట్టింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి వసూలవుతుంది. ప్రమాదం జరిగాక ఇచ్చే పరిహారానికి ఉన్న చొరవ, జరగకముందు కట్టాల్సిన కడ్డీ విషయంలో కనిపించదు. చిన్న మేస్త్రి కింద రోజుకూలీకి వచ్చే సున్నం పనివారు, పెయింటర్లు చాలామంది చట్టం నీడలోకే రారు.

మొదటి గంటలు, తర్వాతి ఏళ్లు

పడిన మనిషికి రెండో గాయం చాలాసార్లు సాయం చేయబోయినవారి చేతుల్లో అవుతుంది. ఒకరు చంకల కింద, ఒకరు కాళ్ల దగ్గర పట్టి ఆటోలో కూలేస్తే, అప్పటిదాకా దెబ్బతినని వెన్నుపాము విరిగిన పూస కింద నలిగిపోవచ్చు. తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి పట్టి, చదునైన బల్ల మీదికి ఒకేసారి దొర్లించాలి. మెడ కదలనివ్వకూడదు. శస్త్రచికిత్స అవసరం కావచ్చు కాబట్టి నీళ్లు, టీ పట్టకూడదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవకు ఫోన్ చేసి, ఎంత ఎత్తు నుంచి, దేని మీద, ఏ భాగం ముందు తాకి పడ్డారో చెప్పగలిగితే వైద్యుడికి సగం దారి తెలిసినట్టే.

మాట్లాడుతున్నాడు కదా అని ధీమాగా ఉండకూడదు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరే గాయంలో మనిషి కొంతసేపు తెలివిగా మాట్లాడి, తర్వాత ఒక్కసారిగా స్పృహ కోల్పోతాడు. అందుకే 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ రూపొందించిన కొలమానంతో స్పృహ స్థాయిని మళ్లీ మళ్లీ చూస్తారు. లోపలి రక్తస్రావానికి ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చవక మందును మూడు గంటల్లోపు ఇస్తే మరణాలు తగ్గుతాయని 2010లో వెలువడిన, 40 దేశాల్లో 20 వేలకు పైగా రోగులతో చేసిన క్రాష్-2 పరీక్ష నిరూపించింది. చిన్న ఊరి ఆసుపత్రి కూడా చేయగలిగిన పని ఇది.

వెన్నుపాము తెగినవారి బతుకు ఆసుపత్రి నుంచి వచ్చాక అసలు పరీక్షకు గురవుతుంది. ఒకప్పుడు వారిలో ఎక్కువమందిని చంపింది పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు. 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో వెన్ను విభాగం ప్రారంభించిన లుడ్విగ్ గట్‌మన్, రెండు గంటలకోసారి పక్క మార్చడం, మూత్రాశయ శుభ్రత, వ్యాయామం, ఆటలతో వారు దశాబ్దాలు బతకగలరని చూపించారు. మనదేశంలో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ పని ముందుకు తీసుకెళ్లినవారు డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా ఆమె చక్రాల కుర్చీలోంచే శస్త్రచికిత్సలు చేశారు. తెలుగు పల్లెల్లో నడుము విరిగిన గీత కార్మికుడికి, సెంట్రింగ్ కూలీకి దగ్గరలో అలాంటి పునరావాసం దొరకడం అరుదు. అతన్ని పక్క తిప్పేది, శుభ్రం చేసేది, అతని బదులు కూలికి వెళ్లేది భార్యే.

ఎనభై ఏళ్ల పరిశోధన ఇచ్చే తీర్పు స్పష్టంగానే ఉంది. ఎత్తు నుంచి పడటంలో ఏ ఎముక విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో, దేనితో ఆపవచ్చో తెలుసు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రుల్లో మడమ విరిగిన ప్రతి మనిషికీ వెన్ను పరీక్ష తప్పనిసరి కావాలి. ప్రతి జిల్లాలో ఒక వెన్ను పునరావాస విభాగం ఉండాలి. నిర్మాణ అనుమతి ఇచ్చే పురపాలక సంఘాలు అంచు కడ్డీలు, లిఫ్టు గుంత మూతలు ఉన్నాయో లేదో పని జరుగుతుండగానే చూడాలి. ఇల్లు కట్టుకుంటున్నవారు, సున్నం వేయిస్తున్నవారు, కొబ్బరికాయలు దింపిస్తున్నవారు పని మొదలయ్యే ముందే అడగాల్సింది ఒకటుంది: పైన ఉన్న మనిషి జారితే అతన్ని ఏది ఆపుతుంది? దానికి జవాబు లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టవద్దు.